కంప్యూటర్ లేవకపోతే ముందు ఏం చూడాలి?

"కంప్యూటర్ లేవడం లేదు" అని ఎవరైనా అనగానే పక్కనున్నవాళ్ళ నోట వచ్చే మొదటి మాట "ఫార్మాట్ కొట్టించు". ఏ జ్వరమో చూడకుండానే సూది వేయించు అన్నట్టుంటుంది ఇది. సూదితో పోయేదేమీ ఉండకపోవచ్చు. ఫార్మాట్‌తో మాత్రం లోపలున్నదంతా పోతుంది.

సెలవుల తర్వాత మన శాఖ గదిలోని కంప్యూటర్ లేవలేదన్న సంగతి మీ అందరికీ తెలిసిందే. అందులో ఏముందో మాత్రం మొదటి సంవత్సరం చెల్లెళ్ళకు తెలియకపోవచ్చు. మనకంటే ముందు చదివిన అక్కలు హోసూరు, శూలగిరి, బాగలూరు, వేపనపల్లి వైపు ఊళ్ళలో తిరిగి అవ్వల దగ్గర రాసుకొచ్చిన పాటలు, సామెతలు, ఇక్కడి తెలుగులో మాత్రమే వినిపించే మాటల పట్టిక అన్నీ అందులోనే టైపు చేసి ఉన్నాయి. రాసిన నోట్‌బుక్కులు కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని ఎవరి ఇంట్లో ఉన్నాయో తెలీదు. మా అవ్వ పాడిన కలుపు పాటలు మూడు ఉన్నాయి అందులో. అవ్వ పోయి ఏడాదిన్నర అయింది. ఆ పాటలు నాకు సగం సగమే వచ్చు.

ఫోన్లో అడిగితే ఒక రిపేరు దుకాణం వాళ్ళు చూడకుండానే చెప్పేశారు: "పాత మెషీను కదా, ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేస్తే అరగంటలో అయిపోతుంది." మేడమ్ ఒప్పుకోలేదు. ల్యాబ్ చూసుకునే అక్క, నేను, ఇంకో ఇద్దరం కలిసి వరుసగా ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాం. ఆ వరుసనే ఇక్కడ పాఠంగా రాస్తున్నాను. మా ఇంట్లో అమ్మది తమిళం, నాన్నది తెలుగు. కంప్యూటర్ మాటలన్నీ మా తంబి నాకు తమిళంలోనే చెప్పాడు. అదే తెలుగులో రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని కూడా ఒక ఆశ.

స్విచ్ నొక్కాక లోపల జరిగేది

లేవకపోవడం అంటే ఏమిటో తెలియాలంటే లేవడం అంటే ఏమిటో ముందు తెలియాలి. ఇంగ్లీషులో దీన్ని బూట్ అవడం అంటారు. బూటు వెనకాల లాగడానికి ఉండే పట్టీ పేరు బూట్‌స్ట్రాప్. ఆ పట్టీ పట్టుకుని తనను తానే పైకి లేపుకోవడం అన్న మాట నుంచి ఇది వచ్చింది. మన లెక్కలో చెప్పాలంటే తన భుజం తానే ఎక్కడం. విండోస్ లాంటి పెద్ద ప్రోగ్రాం డిస్కులో నిద్రపోతూ ఉంటుంది. దాన్ని లేపడానికి ఇంకో ప్రోగ్రాం కావాలి. దాన్ని ఎవరు లేపాలి? అందుకే చిన్నది లేచి కొంచెం పెద్దదాన్ని లేపుతుంది, అది ఇంకా పెద్దదాన్ని లేపుతుంది.

వరుస ఇది. మొదట ఎస్‌ఎంపీఎస్ అనే పెట్టె గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మారుస్తుంది. అంతా సరిగ్గా ఉంది అని మదర్‌బోర్డుకు సైగ పంపుతుంది. అప్పుడు మదర్‌బోర్డు మీద చిప్పులో ఉన్న చిన్న ప్రోగ్రాం నిద్ర లేస్తుంది. దీన్ని పాత మెషీన్లలో బయోస్ అంటారు, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. అది ప్రాసెసర్, ర్యామ్, తెర, కీబోర్డు ఉన్నాయా అని హాజరు తీసుకుంటుంది. తర్వాత డిస్కును వెతుకుతుంది. పాత పద్ధతి డిస్కుల్లో మొట్టమొదటి 512 బైట్లలో ఒక చిన్న చీటీ ఉంటుంది. అందులో 446 బైట్లు ప్రోగ్రాం, 64 బైట్లు డిస్కు భాగాల పట్టిక, చివరి 2 బైట్లు గుర్తు. తెలుగు అక్షరం ఒక్కో గుర్తుకు యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు పడుతుంది కాబట్టి 512 బైట్లంటే మనకు ఒక చిన్న పద్యం పట్టేంత చోటు. ఆ కాస్త చీటీ దారి చూపిస్తే విండోస్ లేస్తుంది.

ఇది మెట్ల వరుస. ఏ మెట్టు దగ్గర ఆగిందో కనిపెడితే సగం పని అయినట్టే. ఇంకో మాట: మన ఫైళ్ళు ఉండేది డిస్కులో. డిస్కు దాకా రాకముందే ఆగిపోయిన కంప్యూటర్లో ఫైళ్ళు పాడయ్యాయని అనుకోవడానికి కారణమే లేదు. ఇది గుర్తుంటే కంగారు తగ్గుతుంది.

మొదటి మెట్టు: కరెంటు

బటన్ నొక్కితే లైటు రాదు, ఫ్యాను తిరగదు, చిన్న చప్పుడు కూడా లేదు. అంటే కరెంటే అందడం లేదు. చిన్నచూపు చూడకండి, సగం సార్లు ఇక్కడే తేలిపోతుంది. గోడ ప్లగ్గులో ఫోను ఛార్జరు పెట్టి చూడండి. యూపీఎస్ ఉంటే దాన్ని వదిలేసి నేరుగా గోడకే పెట్టండి. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోతే కంప్యూటర్ మీదకు నింద వస్తుంది. పెట్టె వెనకాల తీగ గట్టిగా నొక్కండి. అక్కడే ఎస్‌ఎంపీఎస్‌కు విడిగా ఒక చిన్న స్విచ్ ఉంటుంది, తుడిచేటప్పుడు దానికి చెయ్యి తగిలి ఆగిపోతుంది. మానిటరు తీగ, సీపీయూ తీగ ఒకేలా ఉంటాయి కాబట్టి మార్చి చూడొచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ప్రాణం రాకపోతే ఎస్‌ఎంపీఎస్ పాడై ఉండొచ్చు. దాన్ని మాత్రం మనం విప్పకూడదు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది, షాక్ కొడుతుంది. తెలిసినవాళ్ళ చేత వేరేది పెట్టించి చూడాలి.

మన శాఖ కంప్యూటర్లో లైటు వచ్చింది, ఫ్యాను తిరిగింది. కాబట్టి మొదటి మెట్టు దాటాం.

రెండో మెట్టు: తెర

ఫ్యాను తిరుగుతోంది గానీ తెర నల్లగా ఉంది, లేదా "నో సిగ్నల్" అంటోంది. ఇక్కడ అడగాల్సింది ఒకటే: కంప్యూటర్ లేవలేదా, లేక లేచింది గానీ మనకు కనిపించడం లేదా? కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతూ ఉంటే లోపల మెషీను లేచినట్టే, తప్పు తెరవైపు ఉంది. అప్పుడు మానిటరు తీగ రెండు వైపులా బిగించాలి, తీగ మార్చి చూడాలి. పెట్టె వెనకాల తెరకు రెండు చోట్ల దారి ఉండొచ్చు, ఒకటి మదర్‌బోర్డుది, ఒకటి విడిగా పెట్టిన గ్రాఫిక్స్ కార్డుది. కార్డు ఉంటే తీగ దానికే పెట్టాలి.

మనదాన్లో క్యాప్స్ లాక్ లైటు వెలగలేదు. అంటే హాజరు తీసుకునే పని మధ్యలోనే ఆగిపోయింది.

మూడో మెట్టు: ర్యామ్

హాజరులో ఎవరో పలకకపోతే బయోస్ కొన్ని మెషీన్లలో బీప్ బీప్ అని అరుస్తుంది. ఎన్ని బీప్‌లకు ఏ అర్థమో ఒక్కో కంపెనీకి ఒక్కో రకం, మదర్‌బోర్డు పేరు చూసి దాని పుస్తకంలోనే వెతకాలి. చిన్న స్పీకరు లేని మెషీన్లు అసలు అరవవు. కొత్తవాటిలో బోర్డు మీద చిన్న లైట్లు వెలుగుతాయి.

ఇలాంటప్పుడు ఎక్కువసార్లు దొరికే దొంగ ర్యామ్. పాడైపోయి కాదు, దుమ్ము పట్టో, గాడిలో కాస్త కదిలో. దాన్ని తీసి పెట్టే పద్ధతి ఇది. మెషీను ఆపి, ప్లగ్ పూర్తిగా తీసేయాలి. తీశాక పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు ఖర్చయిపోతుంది. పక్క రేకు విప్పాలి. లోపల చెయ్యి పెట్టేముందు పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి తాకాలి. మన ఒంటి మీద, ముఖ్యంగా నైలాన్ చున్నీలు, సిల్కు బట్టలు వేసుకున్నప్పుడు, చేరే స్థిర విద్యుత్తు చిప్పులను కాల్చేయగలదు. అది మనకు తెలియను కూడా తెలియదు. ర్యామ్ పలక రెండు చివర్లలో ఉన్న క్లిప్పులు వెనక్కి నొక్కితే పలక పైకి వస్తుంది. అంచులు పట్టుకునే తీయాలి, అడుగున బంగారు రంగు పళ్ళను వేలితో ముట్టకూడదు. ఆ పళ్ళను పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. గాడిలో దుమ్ము ఉంటే మెత్తటి కుంచెతో దులపాలి. తిరిగి పెట్టేటప్పుడు పలకలో ఉన్న కోత, గాడిలో ఉన్న గట్టు ఎదురెదురుగా రావాలి. రెండు చివర్లూ క్లిక్‌మనేదాకా సమంగా నొక్కాలి. రెండు పలకలుంటే ఒక్కొక్కటే పెట్టి విడివిడిగా పరీక్షించాలి.

మనదాన్లో రెండు పలకలు ఉన్నాయి. రెండిటినీ తుడిచి పెట్టగానే తెర మీద అక్షరాలు వచ్చాయి. అందరం చప్పట్లు కొట్టాం. కానీ కంప్యూటర్ ఇంకా లేవలేదు.

నాలుగో మెట్టు: బొత్తాం సెల్

తెర మీద కనిపించింది తారీఖు, టైము సరిగా లేవన్న హెచ్చరిక. లోపల చూస్తే సంవత్సరం 2012 అని ఉంది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి సెల్ ఒకటుంటుంది. పేరు సీఆర్ 2032. ఆ అంకెల్లోనే కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. 3 వోల్టులు ఇస్తుంది. ప్లగ్ తీసేసినప్పుడు కూడా గడియారం నడవడానికి ఇదే ఆధారం. పాత మెషీన్లలో బయోస్ సెట్టింగులు గుర్తుండడానికి కూడా ఇదే. సెల్ అయిపోతే తారీఖు మెషీను పుట్టినప్పటి రోజుకో ఎక్కడికో వెళ్ళిపోతుంది, సెట్టింగులు తయారుచేసినప్పటి స్థితికి వచ్చేస్తాయి. సెలవుల్లో రెండు నెలలు మెయిన్ స్విచ్ కట్టేసి ఉంచడంతో అసలే బలహీనంగా ఉన్న సెల్ పూర్తిగా అయిపోయింది.

ఈ సెల్ వాచీల దుకాణంలో కూడా దొరుకుతుంది. ప్లగ్ తీసి, పాతది ఏ వైపు పైకి ఉందో చూసుకుని, అలాగే కొత్తది పెట్టాలి. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్ళి తారీఖు దిద్దాలి. సెట్టింగుల్లోకి వెళ్ళే తాళం ఎక్కువ మెషీన్లలో ఎఫ్2 గానీ డిలీట్ గానీ, పవర్ ఇచ్చిన వెంటనే నొక్కుతూ ఉండాలి. తారీఖు తప్పుగా ఉంటే ఇంటర్నెట్‌లో చాలా పేజీలు కూడా తెరుచుకోవు, భద్రతా పత్రాల గడువు సరిపోలదు కాబట్టి. పాత సెల్ చిన్నపిల్లల చేతికి అందకుండా పారేయండి, మింగితే చాలా ప్రమాదం.

ఐదో మెట్టు: డిస్కు దొరకడం

తారీఖు దిద్దాక వచ్చిన మాట: "నో బూటబుల్ డివైస్ ఫౌండ్". లేపదగ్గ పరికరమేదీ దొరకలేదు అని అర్థం. ఇది చూడగానే ఎవరికైనా గుండె జారుతుంది. డిస్కు పోయింది, పాటలు పోయాయి అనుకుంటాం. ఫార్మాట్ మాట మళ్ళీ వినిపించేది ఇక్కడే. ఆ వాక్యాన్ని సరిగా చదవండి. డిస్కు పోయింది అని అందులో లేదు. నాకు దొరకలేదు అని మాత్రమే ఉంది.

మొదట పెన్‌డ్రైవ్‌లు అన్నీ తీసేయాలి. వాటిలో లేవడానికి ఏమీ లేకపోయినా కొన్ని మెషీన్లు ముందు వాటినే తట్టి అక్కడే కూర్చుంటాయి. తర్వాత బయోస్‌లోకి వెళ్ళి డిస్కు పేరు కనిపిస్తోందా అని చూడాలి. దారి ఇక్కడ రెండుగా చీలుతుంది.

పేరు కనిపించకపోతే, ప్లగ్ తీసి డిస్కుకు వెళ్ళే రెండు తీగలు చూడాలి. సన్నటి సాటా తీగ ఒకటి, కరెంటు తీగ ఒకటి. తీసి మళ్ళీ బిగించాలి, వేరే సాటా తీగ ఉంటే మార్చి చూడాలి. డిస్కు లోంచి టక్ టక్ మని ఆగి ఆగి చప్పుడు వస్తుంటే మాత్రం వెంటనే ఆపేయాలి. అది లోపలి సూది దారి తప్పిన చప్పుడు. మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూసినకొద్దీ గీతలు పడి మిగిలింది కూడా పోవచ్చు. అప్పుడు డేటా రాబట్టే నిపుణులకే ఇవ్వాలి.

పేరు కనిపిస్తే, డిస్కు కనీసం పలుకుతోంది. అప్పుడు చూడాల్సింది వరుస, పద్ధతి. వరుస అంటే దేన్ని ముందు తట్టాలి అన్నది, డిస్కును పైకి తేవాలి. పద్ధతి అంటే పాత లెగసీనా, కొత్త యూఈఎఫ్ఐనా అన్నది. పాత పద్ధతిలో విండోస్ వేసిన డిస్కును కొత్త పద్ధతి మాత్రమే చూడమన్న మెషీను పట్టించుకోదు. డిస్కు ఎదురుగానే ఉంటుంది, అయినా దొరకలేదంటుంది.

మన కంప్యూటర్లో జరిగింది ఇదే. డిస్కు పేరు స్పష్టంగా కనిపించింది. సెల్ అయిపోవడంతో సెట్టింగులు మొదటికొచ్చి యూఈఎఫ్ఐ ఒక్కటే పెట్టి ఉంది. మార్చేముందు ఉన్నదాన్ని ఫోన్లో ఫోటో తీసుకున్నాం, మళ్ళీ వెనక్కి రావలసి వస్తే దారి ఉండాలి కదా. లెగసీకి మార్చి, సేవ్ చేసి, మళ్ళీ ఆన్ చేస్తే విండోస్ లేచింది. ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఖర్చయింది సెల్ డబ్బులు మాత్రమే.

ఆరో మెట్టు: విండోస్

మీ ఇంట్లో కంప్యూటర్ ఇంకో మెట్టు పైన ఆగవచ్చు. కంపెనీ బొమ్మ వస్తుంది, చుక్కలు గిర్రున తిరుగుతాయి, ఎంతసేపైనా అంతే. లేదా నీలం తెర వస్తుంది. విండోస్ 10, 11 అయితే వరుసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే తనే మరమ్మతు తెర చూపిస్తుంది. అందులో "స్టార్టప్ రిపేర్" ముందు వాడండి, అది ఫైళ్ళ జోలికి పోదు. "సేఫ్ మోడ్" అంటే అత్యవసరమైనవాటితో మాత్రమే లేవడం. అలా లేస్తే ఈమధ్య పెట్టిన ప్రోగ్రాం గానీ డ్రైవరు గానీ తీసేసి చూడొచ్చు. "రీసెట్ దిస్ పీసీ" దగ్గర మాత్రం చెయ్యి ఆపండి. ఫైళ్ళు ఉంచనా, అన్నీ తీసేయనా అని అడుగుతుంది. చదవకుండా నొక్కే బటన్ కాదది. ఫైళ్ళు ఉంచమన్నా మనం పెట్టుకున్న ప్రోగ్రాములు పోతాయి.

ఫార్మాట్ చేయక తప్పదనుకున్నప్పుడు

విండోస్ చెడిపోతే కొత్తగా వేయించడం తప్పేమీ కాదు. కాకపోతే ముందు ఫైళ్ళు బయటికి తీయాలి. రెండు దారులున్నాయి. ఒకటి, డిస్కును విప్పి, యూఎస్‌బీకి మార్చే తీగతో ఇంకో కంప్యూటర్‌కు పెట్టి కాపీ చేసుకోవడం. రెండు, ఉబుంటు లాంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి దాంతో లేపడం. అందులో ఇన్‌స్టాల్ చేయకుండా వాడి చూసే దారి ఉంటుంది, అదే ఎంచుకోవాలి. అక్కడి నుంచి ఫైళ్ళు ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. కొన్ని కొత్త మెషీన్లలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటుంది. దానికి 48 అంకెల తాళంచెవి అడుగుతుంది, ముందే రాసి పెట్టుకోండి.

దుకాణానికి ఇచ్చేటప్పుడు "ఇందులో ఫైళ్ళు కావాలి, అడక్కుండా ఫార్మాట్ చేయకండి" అని కాగితం మీద రాసి పెట్టెకు అతికించండి. నోటి మాట దుకాణంలో ఒకరి నుంచి ఒకరికి చేరేలోపు మారిపోతుంది. ఫార్మాట్ అయ్యాక రాబట్టడం ఖర్చుతో కూడిన పని, వస్తుందన్న నమ్మకమూ లేదు. ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ ఇంకా తక్కువ.

తెలుగు ఫైళ్ళకు ఇంకో చిక్కు

ఫైళ్ళు దొరికాక వేరే కంప్యూటర్లో తెరిస్తే కొన్ని పిచ్చి ఇంగ్లీషు అక్షరాల్లా కనిపించాయి. ఇది పాడవడం కాదు. అక్కలు కొన్నిటిని అను ఫాంట్లలో టైపు చేశారు. ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెడతారు. ఆ ఫాంటు లేని మెషీను ఆ గదుల్లో ఇంగ్లీషే చూపిస్తుంది. యూనికోడ్‌లో అయితే 1991లో వచ్చిన మొదటి రూపం నుంచే తెలుగుకు సొంతంగా 128 గదులు కేటాయించి ఉన్నాయి. అందులో టైపు చేసింది ఏ ఫోన్లో తెరిచినా తెలుగే. కాబట్టి పాతవాటిని యూనికోడ్‌లోకి మార్చి, అసలుతో పోల్చి దిద్దుకోవాలి. మార్చే ప్రోగ్రాములు ఒత్తుల దగ్గర తడబడతాయి, మనిషి చదవక తప్పదు. బుధవారం, శుక్రవారం మధ్యాహ్నం నేను గదిలో ఉంటాను. ఒకరు చదువుతుంటే ఒకరు దిద్దితే తొందరగా అవుతుంది.

కంప్యూటర్ పక్కన అతికించుకోవడానికి

1. ఏమీ వెలగలేదు: ప్లగ్, యూపీఎస్, వెనక తీగ, వెనక స్విచ్.
2. వెలిగింది, తెర నలుపు: క్యాప్స్ లాక్ నొక్కు. పలికితే తెర తీగ చూడు.
3. పలకలేదు: ప్లగ్ తీసి ర్యామ్ తుడిచి పెట్టు.
4. తారీఖు తప్పు: బొత్తాం సెల్ మార్చు.
5. డిస్కు దొరకలేదంది: పెన్‌డ్రైవ్ తీసెయ్, బయోస్‌లో పేరు చూడు, వరుస, పద్ధతి చూడు. టక్ టక్ మంటే ఆపెయ్.
6. విండోస్ దగ్గర ఆగింది: స్టార్టప్ రిపేర్, సేఫ్ మోడ్.
7. ఒకసారికి ఒకటే మార్చు, మార్చింది రాసుకో.
8. ఫైళ్ళు బయటికి తీయకుండా ఫార్మాట్ వద్దు.

చివరగా, లేచిన కంప్యూటర్ ఎప్పుడూ లేస్తుందని నమ్మకం లేదు. డిస్కు కూడా ఒక రోజు పోతుంది, ఎవరిదైనా సరే. ముఖ్యమైన ఫైలు మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి ఈ భవనంలో ఉండకూడదు. శాఖ ఫోల్డరు ఇప్పుడు కంప్యూటర్లో ఒకటి, మేడమ్ దగ్గర హార్డ్ డిస్కులో ఒకటి ఉంది. మూడోది ఎవరెవరి ఇళ్ళలో పెడదామో పేర్లు రాయడానికి కింద కాగితం అతికించాను. పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, 8 జీబీది చాలు.